రైలు వదిలిన దారి, జనం వదలని బాట

ఫ్రాన్స్ తూర్పు భాగాన, లియోన్ నగరానికి ఉత్తరంగా, బుర్గోన్ ప్రాంతపు దక్షిణపు కొసలో గ్రోన్ అనే చిన్న నది పారుతుంది. 19వ శతాబ్దంలో ఆ లోయ వెంట షాలోన్ నుంచి క్లూనీ మీదుగా మాకోన్ దాకా రైలు మార్గం వేశారు. ఊరి సరుకునూ, సంతకు పోయే జనాన్నీ కొన్ని తరాల పాటు ఆ రైలే మోసింది. కార్లు, లారీలు పెరిగాక రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు ఊడదీశారు. కట్ట మాత్రం మిగిలింది. అలాంటి కట్ట ఎక్కడైనా సాధారణంగా ముళ్లకంపల పాలవుతుంది, లేదా పక్క పొలాల్లో కలిసిపోతుంది. ఇక్కడ అలా జరగలేదు. దాన్ని చదును చేసి, తారు పరిచి, మోటారు బళ్లకు ప్రవేశం లేకుండా నడిచేవాళ్లకూ సైకిళ్లకూ అప్పగించారు. 1997లో జీవ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు తెరిచారు. ఫ్రాన్స్‌లో 'వ్వా వెర్త్', అంటే పచ్చదారి, అనే పేరుతో ఇప్పుడు ఎన్నో దారులున్నాయి. వాటిలో మొదటిది ఇదేనని అక్కడివాళ్లు గర్వంగా చెబుతారు.

మే నెలాఖరులో మా అక్కా నేనూ ఆ దారి పట్టాం. అక్క చాలా ఏళ్లుగా లియోన్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవు దొరికితే సైకిలెక్కి పల్లెల మీద పడుతుంది. "పారిస్ ఒక్కటీ చూసి ఫ్రాన్స్ చూసేశానని చెప్పకు తమ్ముడూ, ఒకసారి ఊళ్లలోకి రా" అని ఎప్పటినుంచో పిలుస్తోంది. మేం ఎక్కిన ప్రాంతీయ రైల్లో సైకిళ్లకు వేరే టికెట్టు అక్కర్లేదు. పెట్టెలో కొక్కేలుంటాయి, ముందు చక్రం తగిలించి సైకిల్ని నిలువునా వేలాడదీయడమే. షాలోన్‌లో దిగి పడమటికి తొక్కితే కాసేపటికే జీవ్రీ వచ్చింది. ఎర్ర వైన్‌కు పేరున్న ఊరు. ఊరి నడుమ గుండ్రంగా కట్టిన పాత ధాన్యపు మార్కెట్టు ఉంది. నాలుగో హెన్రీ రాజుకు తమ ఊరి వైన్ అంటే మహా ఇష్టమని ఊళ్లోవాళ్లు నేటికీ చెప్పుకుంటారు.

జీవ్రీ దాటాక దారి సుఖం ఏమిటో అర్థమైంది. ఆవిరి ఇంజను పెద్ద ఎత్తులు ఎక్కలేదు. అందుకే ఆనాటి ఇంజనీర్లు కొండ ఎదురైతే చుట్టి వచ్చారు, లేదా కోసి దారి తీశారు, పల్లం వస్తే కట్ట పోశారు. నూటయాభై ఏళ్ల కిందటి ఆ లెక్క ఈనాడు సైకిల్ తొక్కేవాళ్ల మోకాళ్లను కాపాడుతోంది. డెబ్భై దాటిన దంపతులు తాపీగా తొక్కుకుంటూ వెళ్తున్నారు. ఒక తల్లి వెనకాల చిన్న బండి తగిలించి, అందులో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోతోంది. చక్రాల కుర్చీలో ఒకాయన తన చేతులతోనే తోసుకుంటూ సాగుతున్నాడు. రోడ్డు అడ్డం వచ్చే చోట్ల పాత గేటుమనిషి ఇళ్లు కనిపిస్తాయి. ఇప్పుడు వాటిలో ఎవరో కాపురముంటున్నారు, గోడ మీదకు గులాబీ తీగలు పాకించుకున్నారు. ప్లాట్‌ఫారం అంచురాళ్లు గడ్డిలో అలాగే ఉన్నాయి. కొన్ని స్టేషన్ల దగ్గర సైకిళ్లు అద్దెకిస్తున్నారు.

సైకిల్ మీద కూర్చుంటే ఆ నేల తీరు చక్కగా చదవొస్తుంది. లోయ అడుగున తడి ఎక్కువ, అక్కడంతా గడ్డి. వాలుకు వచ్చేసరికి సున్నపురాయి నేల, అందులోనూ పొద్దుటెండ తగిలే తూర్పు ముఖం, అక్కడ ద్రాక్ష. శిఖరం మీద మట్టి పలచన, అక్కడ ఓక్ అడవి. ఊరు ఎప్పుడూ ఈ మూడూ అందే చోట, ఊట దగ్గర, వాలు మొదట్లో ఉంటుంది. ఉత్తరాన జీవ్రీ వైపు ఎర్ర వైన్‌కు పినో నువార్, దక్షిణానికి వచ్చేకొద్దీ తెల్ల వైన్‌కు షార్దొనే. ఆ పేరుతో ఒక పల్లె కూడా ఈ కొండల్లోనే, తూర్న్యూ దగ్గర ఉంది. ప్రపంచమంతా సాగయ్యే ఆ ద్రాక్షకు పేరు ఈ ఊరి నుంచే వచ్చిందంటారు.

గడ్డి మైదానాల్లో షారొలే ఆవులు. వాటిని మొదటిసారి చూడగానే నాకు ఒంగోలు జాతి గుర్తొచ్చింది. అదే పాలతెలుపు, అదే నిండు దేహం, మూపురం మాత్రం లేదు. దక్షిణ బుర్గోన్‌లోని షారొల్ ప్రాంతం ఈ జాతికి పుట్టిల్లు. ఆ ప్రాంతపు మాంసానికి 2010లో ప్రాంతీయ గుర్తింపు కూడా వచ్చింది. మే నెలలో ఆవుల పక్కన దూడలుంటాయి. కంచె దగ్గర సైకిల్ ఆపితే మంద మొత్తం మెల్లగా నడిచివచ్చి, వరసగా నిలబడి, మనల్ని చూస్తుంది. కంచె అంటే చాలాచోట్ల ముళ్లపొదల వరస. హాథార్న్, అడవిగులాబీ, హేజెల్ కలిసి పెరిగి గోడలా అల్లుకుంటాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పొలాలను పెద్ద కమతాలుగా మార్చే పేరుతో ఫ్రాన్స్ లక్షల కిలోమీటర్ల పొదకంచెల్ని పెరికేసింది. వాటితోపాటు ఎన్నో కాలిబాటలూ దుక్కిలో కలిసిపోయాయి. ఈ లోయలో పశువుల పెంపకం నిలిచింది కాబట్టి పొదలూ నిలిచాయి, పిట్టలూ నిలిచాయి. కోకిల జాతి కుక్కూ కొండ అవతల నుంచి కూస్తుంటే, కోసిన గడ్డి వాసన ముక్కుపుటాలు నింపుతుంటే, పెడల్ తిప్పడం కూడా మరచిపోయేంత హాయి.

ఈ చప్పుళ్లకూ వాసనలకూ ఫ్రాన్స్‌లో చట్టం అండ ఉంది. పట్నాల నుంచి వచ్చి పల్లెల్లో ఇళ్లు కొనుక్కున్న కొందరు, కోడి కూస్తోందనీ చర్చి గంట మోగుతోందనీ కోర్టులకెక్కారు. ఒలెరోన్ ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు మీద కేసు నడిచింది. 2019లో కోర్టు పుంజు పక్షానే తీర్పిచ్చింది. 2021 జనవరిలో పల్లె చప్పుళ్లనూ వాసనలనూ ఆ ప్రాంతపు వారసత్వంగా గుర్తించే చట్టాన్ని పార్లమెంటు చేసింది. పేడ వాసనకు, ట్రాక్టరు మోతకు, కప్పల బెకబెకలకు కూడా అందులో చోటుంది. రాత్రి మేం బస చేసిన ఊళ్లో చర్చి గడియారం గంటలు కొట్టి, కొద్దిసేపాగి మళ్లీ అదే లెక్క కొట్టింది. పొలంలో ఉన్నవాడు మొదటిసారి లెక్కపెట్టుకోలేకపోతే రెండోసారైనా అందుకుంటాడని ఆ ఏర్పాటట.

ఊరి నడిబొడ్డు

ఫ్రాన్స్‌లో దాదాపు 35,000 కమ్యూన్‌లున్నాయి. కమ్యూన్ అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది. సగానికి పైగా కమ్యూన్‌లలో ఐదువందల మంది కూడా ఉండరు. అయినా ప్రతి దానికీ ఎన్నికైన మేయరు ఉంటారు, 'మెరీ' అనే కార్యాలయం ఉంటుంది, దాని తలుపు మీద మూడు రంగుల జెండా ఉంటుంది. మెరీ, చర్చి, ఒకప్పటి బడి, యుద్ధవీరుల స్తంభం, ఈ నాలుగూ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉంటాయి.

ఆ స్తంభాల దగ్గర నేను ప్రతి ఊళ్లోనూ ఆగాను. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ పదమూడు లక్షల మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. తర్వాతి కొన్నేళ్లలోనే ఊరూరా స్తంభాలు లేచాయి. నూరు గడపలు కూడా లేని ఒక ఊరి స్తంభం మీద 1914 నుంచి 1918 దాకా ఏడాది వారీగా పేర్లు చెక్కి ఉన్నాయి. ఒకే ఇంటిపేరు వరసగా మూడుసార్లు వచ్చింది. అన్నదమ్ములో, బాబాయి కొడుకులో. రెండో ప్రపంచయుద్ధానికి కింద చిన్న పలక, అందులో కొద్ది పేర్లే. అక్క ఒక్కో పేరూ పైకి చదివింది. కారులో పోతే ఆ స్తంభం రోడ్డు మలుపులో ఒక బూడిదరంగు రాయి, అంతే. ఆ ఊళ్లు ఇంత ఖాళీగా ఎందుకున్నాయో చెప్పే కథలో మొదటి అధ్యాయం ఆ రాతి మీదే ఉంది. తర్వాతి అధ్యాయాలు ట్రాక్టర్లు రాశాయి, పట్నం ఉద్యోగాలు రాశాయి. కొన్ని ఊళ్లలో బడి మూతపడింది. రొట్టెల దుకాణం మూతపడిన ఊళ్లో మెరీ పక్కన రొట్టెలిచ్చే యంత్రం నిలబెట్టారు, నాణేలు వేస్తే బగెట్ బయటికొస్తుంది.

దుకాణాలున్న ఊళ్లకు వాటి వేళలున్నాయి. పన్నెండు కొట్టగానే తలుపులు మూస్తారు, రెండు దాటాకే తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారమంతా చాలా చోట్ల ఏమీ దొరకదు. అందుకే పొద్దున్నే రొట్టె కొని సంచిలో పెట్టుకోవాలి. లోపలికి అడుగుపెట్టగానే ముందు 'బోంజూర్ మదాం' అనాలి, ఆ తర్వాతే కావలసింది అడగాలి. మన ఊళ్లో ఎవరింటికైనా వెళ్లి కుశలం అడక్కుండా పని చెప్పం కదా, అదే మర్యాద. సేన్ జంగూలో రొట్టెలమ్మే ఆవిడ మా సైకిళ్లు చూసి, బగెట్‌ని అడగకుండానే రెండు ముక్కలుగా కోసి, సంచిలో పట్టేలా కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆ పచ్చదారి మీద వచ్చేవాళ్ల సంచులు ఎంతుంటాయో ఆమెకు తెలుసు.

నీళ్ల కిటుకు అక్క చెప్పింది. "సీసా ఖాళీ అయితే దుకాణం వెతుక్కోకు తమ్ముడూ, శ్మశానం వెతుక్కో." ప్రతి ఊరి శ్మశానంలోనూ సమాధుల మీది పూలమొక్కలకు పోసుకోవడానికి కుళాయి ఉంటుంది. తాగడానికి పనికిరాని నీళ్లయితే పైన పలక పెడతారు. పలక చదివి, నీళ్లు పట్టుకుని, ఇనుప గేటు మళ్లీ వేసి బయటికి రావాలి. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకీ దారి తీరు, నీటి వసతి, దొరికే సరుకులు రాసుకుంటూ పోయాడు. నెమ్మదిగా ప్రయాణం చేసేవాడికి ఏ దేశంలోనైనా ముందు కావలసింది ఆ జాబితాయే.

శ్మశానం తర్వాత నాకు నచ్చింది లావువార్, బట్టలుతికే చావడి. ఊట నీటిని రాతి తొట్టిలోకి మళ్లించి, చుట్టూ వాలుగా రాళ్లు పరిచి, పైన పెంకుల కప్పు వేసి కట్టారు. ఊరూరా ఇలాంటివి కట్టుకోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చేలా 1851లో చట్టం చేశారు. కలరా, టైఫాయిడ్ భయం ఆ చట్టానికి ఒక కారణం. ఇప్పుడు అక్కడ ఎవరూ ఉతకడం లేదు, అయినా తొట్టిలో నాచు పేరుకోకుండా ఊరివాళ్లు శుభ్రం చేస్తూనే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం ఆ చల్లటి కప్పు కింద కూర్చుని రొట్టెతో మేకపాల జున్ను తిన్నాం. ఈ కొండల జున్నును 'మాకొనే' అంటారు. యాభై, అరవై గ్రాములకు మించదు, పైభాగం సన్నగా అడుగు వెడల్పుగా ఉండే చిన్న ముద్ద. 2005లో దానికి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది. దారి పక్కన ఒక మేకల ఫారంలో కొన్నాం. చిన్న ఫ్రిజ్‌లో జున్నులు, పక్కన డబ్బుల డబ్బా, కాపలా ఎవరూ లేరు.

తెలుపు, ఎరుపు

కోర్మతాఁ దగ్గర సైకిళ్లు బసలో వదిలి కాలినడకకు దిగాం. ఆ ఊళ్లో 17వ శతాబ్దపు కోట ఉంది, చుట్టూ కందకం, లోపల బంగారు పూత పూసిన గదులు. చూడదగ్గదే. మా మనసు మాత్రం తూర్పున కనిపిస్తున్న కొండవరస మీదుంది. ముందు షపేజ్ అనే పల్లె చేరాం. అక్కడి సేన్ మార్తాఁ చర్చి 11వ శతాబ్దానిది. ముప్పై ఐదు మీటర్ల గంటల గోపురం చుట్టుపక్కల పొలాలన్నిటికీ కనిపిస్తుంది. లోపల లావుపాటి గుండ్రని స్తంభాలు, ఏ అలంకారమూ లేదు. వెయ్యేళ్లుగా నిలబడ్డ రాతిని ముట్టుకుని చూడడానికి టికెట్టు లేదు, కాపలా లేదు, తలుపు గొళ్లెం తీసుకుని లోపలికెళ్లడమే.

షపేజ్ నుంచి బ్రాన్సియోన్ కొండకు అడవిదారి. ఇక్కడే ఆ యాత్ర మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి తారసపడ్డాడు. ఓక్ చెట్టు ముందు నిలబడి ఇనుప తీగల బ్రష్‌తో బెరడు మీద నాచు గీకుతున్నాడు. అరచేయంత మేర శుభ్రం చేశాక గుడ్డతో తుడిచాడు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి చిన్న డబ్బా తీసి, ముందు తెల్లపట్టీ వేశాడు. దాని కింద రవంత చోటు వదిలి ఎర్రపట్టీ వేశాడు. కొలబద్ద లేదు, అంచు ఎక్కడా వంకర పోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, దారిన వచ్చేవాడి కంటికి ఎలా కనిపిస్తుందో చూసుకుని, చెట్టుకు అడ్డొచ్చిన చిన్న కొమ్మను కత్తిరించాడు.

తెలుపూ ఎరుపూ గుర్తు దూరప్రయాణపు కాలిబాటలది. ఫ్రాన్స్‌లో ఆ పద్ధతి 1947లో మొదలైంది. స్థానికంగా తిరిగివచ్చే చిన్న బాటలకు పసుపు పట్టీ. రెండు పట్టీలు అడ్డంగా ఒకదానిమీదొకటి ఇంటూ మార్కులా ఉంటే అటు పోవద్దని అర్థం. కాలినడక సమాఖ్య గుర్తులు పెట్టిన బాటలు 1,80,000 కిలోమీటర్లకు పైగా ఉన్నాయి. ఆ రంగులు వేసేవాళ్లలో జీతగాళ్లు లేరు, వేలమంది స్వచ్ఛంద కార్యకర్తలే. ఈయన కూడా అలాంటివాడే. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. తన వంతు బాటను ఏటా ఒకసారి కొస నుంచి కొసకు నడిచి చూసుకుంటాడు.

అక్క ఆయనతో ఫ్రెంచిలో మాట్లాడి నాకు తెలుగులో చెప్పింది. "గుర్తు మాసిపోతే నడిచేవాళ్లు రారు. వాళ్లు రాకపోతే ముళ్లకంప వస్తుంది. ముళ్లకంప వెనకాలే ఎవరిదో కంచె వస్తుంది. ఆ తర్వాత ఇక్కడ దారి ఉండేదని నిరూపించడానికి కోర్టులో పదేళ్లు పడుతుంది. ఒక డబ్బా రంగు చవక కదా మస్యో!"

ఆయన మాటకు చట్టంలో ఆధారముంది. పొలాల మధ్య బాటలు చాలావరకు కమ్యూన్ ఆస్తి. జనం వాడడం మానేస్తే వాటిని అమ్మేసే వీలు కూడా ఉంది. 1960, 70లలో ఎన్నో అలాగే పోయాయి. అందుకే 1983లో ఒక చట్టం వచ్చింది. ప్రతి జిల్లా తన నడకదారుల జాబితా తయారు చేస్తుంది, ఊరి కౌన్సిల్ ఒప్పుకుంటే ఆ ఊరి బాట అందులోకి ఎక్కుతుంది. జాబితాకెక్కిన బాటను అమ్మాలన్నా మూసేయాలన్నా దానికి బదులు అంతే పనికొచ్చే ఇంకో బాట చూపించాలి. మేం ఆనందంగా నడుస్తున్న ఆ అడవిదారి ప్రకృతి ఇచ్చిన వరమని అంతవరకూ అనుకుంటూ వచ్చాను. దాని వెనక ఒక కౌన్సిల్ తీర్మానం, ఒక జిల్లా జాబితా, ఒక రిటైర్డ్ మాస్టారి చేతిలో రంగు డబ్బా ఉన్నాయి.

కొండ ఎక్కుతుంటే చెట్ల మధ్య 'కదోల్' కనిపించింది. పొలంలోంచి ఏరిన సున్నపురాళ్లను, మట్టీ సున్నమూ లేకుండా, ఒకదాని మీద ఒకటి లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి పైకప్పు కూడా రాతితోనే మూసిన గుడిసె. ద్రాక్షతోటల కూలీలు వానకూ ఎండకూ తలదాచుకునేవారు. అడవిలో ద్రాక్ష గుడిసె ఏమిటని అడిగితే అక్క జవాబు చెప్పింది. 19వ శతాబ్దం చివర ఫిలాక్సెరా అనే పురుగు అమెరికా నుంచి వచ్చి వేళ్ల రసం పీల్చి ఈ కొండల మీది ద్రాక్షను నాశనం చేసింది. అమెరికా వేరుమూలానికి అంటుకట్టి మంచి నేలల్లో తోటలు మళ్లీ నిలబెట్టారు. నిటారు వాలుల్ని మాత్రం వదిలేశారు. అక్కడ అడవి తిరిగొచ్చింది. గుడిసెలు చెట్ల మధ్య ఉండిపోయాయి.

బ్రాన్సియోన్ కొండకొన మీది మధ్యయుగపు పల్లె. కార్లు ఊరి బయటే ఆగిపోతాయి. చెక్క దూలాల మీద నిలబడ్డ 15వ శతాబ్దపు సంత చావడి, కోట, ఊరి చివర చర్చి. చర్చి ముందున్న చదును మీద నిలబడితే గ్రోన్ లోయ మొత్తం కింద పరుచుకుని ఉంటుంది. మేం సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన రైలు కట్టను చెట్ల వరసను బట్టి గుర్తుపట్టొచ్చు.

రాళ్లు పంచుకున్న ఊరు

మళ్లీ సైకిలెక్కి దక్షిణానికి సాగితే కుడిచేతి వైపు కొండ మీద తేజే. 1940లో బ్రదర్ రోజే అనే స్విస్ యువకుడు ఇక్కడొక ఇల్లు కొని, యుద్ధంలో తరిమివేతకు గురైనవాళ్లకు, వాళ్లలో యూదులకు, ఆశ్రయమిచ్చాడు. అక్కడి నుంచే క్రైస్తవంలోని వేర్వేరు శాఖలవాళ్లు కలిసి బతికే సమాజం పెరిగింది. ఏటా వేలాది యువతీయువకులు వచ్చి గుడారాల్లో ఉండి, వంటా పారిశుద్ధ్యమూ తామే చేసుకుంటూ, రోజుకు మూడుపూటలా ప్రార్థనలో కలుస్తారు. సైకిళ్లు గోడకు ఆనించి మేమూ మధ్యాహ్నపు ప్రార్థనలో వెనక వరసలో నేల మీద కూర్చున్నాం. ఎన్నో భాషలవాళ్లు ఒకే చిన్న పల్లవిని మళ్లీ మళ్లీ పాడుతుంటే మన భజన కూటమిలో కూర్చున్నంత చనువుగా తోచింది.

క్లూనీ అక్కడికి పదే కిలోమీటర్ల దూరం. 910లో అక్విటెన్ ప్రభువు విలియం ఇక్కడ మఠం స్థాపించాడు. శక్తి పెరిగిన రోజుల్లో యూరప్ అంతటా వెయ్యికి పైగా మఠాలు దీని కింద ఉండేవి. 1088లో మొదలుపెట్టిన మూడో చర్చి పొడవు 187 మీటర్లు. రోమ్‌లో ఇప్పటి సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అంత పెద్ద చర్చి లేదు. విప్లవం తర్వాత 1798లో దాన్ని వేలం వేశారు, కొన్నవాళ్లు రాయి కోసం కూలగొట్టారు. ఇప్పుడు మిగిలింది పదోవంతు కూడా లేదు. దక్షిణపు రెక్కా, దాని మీది ఎనిమిది ముఖాల గోపురమూ నిలిచాయి. లోపల నిలబడి తలెత్తితే కప్పు అంత ఎత్తున ఉంటుంది, పోయిన భాగం ఎంతో ఊహకు అందడానికి ఆ ఒక్క రెక్క చాలు. బయట వీధుల్లో నడుస్తుంటే ఇళ్ల గోడల్లో అక్కడక్కడ చెక్కడపు రాళ్లు కనిపిస్తాయి. నెపోలియన్ కాలపు గుర్రపుశాలకూ ఈ మఠపు రాయే వాడారు. ఈ ఊరి నుంచే నైరుతికి ల్‌పుయీ పట్నం దాకా యాత్రికుల కాలిబాట ఒకటి బయల్దేరుతుంది, అక్కడి నుంచి స్పెయిన్‌లోని సాంతియాగో దాకా సాగుతుంది. చర్చి పోయింది, అక్కడి నుంచి బయల్దేరే బాట మాత్రం వీపున సంచులు తగిలించుకున్నవాళ్లతో నేటికీ నడుస్తూనే ఉంది.

క్లూనీ దాటాక లోయ ముగిసి కొండ అడ్డొస్తుంది. పాత రైలు దాన్ని బువా క్లేర్ సొరంగంలోంచి దాటేది. పొడవు 1.6 కిలోమీటర్లు. లోపల దీపాలున్నాయి, అయినా మండు వేసవిలో కూడా ఒళ్లు జలదరించే చలి, స్వెట్టరు వేసుకోవాలి. చలికాలంలో సొరంగం మూసేస్తారు. అక్కడ గబ్బిలాలు నిద్రపోతాయి, వాటి నిద్ర చెడితే వసంతం దాకా బతకడానికి దాచుకున్న కొవ్వు అయిపోతుంది. ఆ నెలల్లో సైకిళ్లు కొండ మీది రోడ్డు ఎక్కి దాటాలి. గబ్బిలాల కోసం మనుషులు చుట్టుదారి పడతారు, ఎవరూ సణగరు. ఆ దరిదాపుల్లోనే పారిస్, లియోన్ నగరాల మధ్య 1981 నుంచి నడుస్తున్న టీజీవీ రైలు మార్గం వెళ్తుంది. ఆ రైల్లో కూర్చున్నవాళ్లకు ఈ లోయ మొత్తం కొన్ని నిమిషాల పచ్చదనం.

సొరంగం అవతల మాకోన్ ద్రాక్షతోటలు, కవి లమర్తీన్ చిన్ననాడు పెరిగిన మిలీ పల్లె, చివర సోలుత్రే రాతికొండ. 493 మీటర్ల ఎత్తు, ఒక వైపు నుంచి మెల్లగా లేచి మరో వైపు నిట్టనిలువుగా తెగిపోతుంది. దాని పాదాన 1866 నుంచి జరిగిన తవ్వకాల్లో లెక్కలేనన్ని గుర్రపు ఎముకలు బయటపడ్డాయి. పాతరాతి యుగంలో ఒక సంస్కృతికి 'సోలుత్రియన్' అని పేరు పెట్టింది ఈ ఊరిని బట్టే. గుర్రాలను కొండ మీంచి తరిమి దూకించేవారన్న కథ 19వ శతాబ్దంలో ఒక నవలతో ప్రచారమైంది. నిజానికి వలసపోయే మందల్ని కొండ కిందే కాపు కాసి వేటాడేవారని పురావస్తు పరిశోధకులు తేల్చారు. ఇప్పుడు శిఖరం మీద పొదలు పెరగకుండా పోలండ్ జాతి చిన్న గుర్రాల్ని మేపుతున్నారు. అధ్యక్షుడు మిత్తెరాఁ ఏటా పెంతెకోస్తు పండక్కి ఈ కొండ నడిచి ఎక్కేవాడు. మేం పైకి చేరేసరికి గాలి తెరిపిచ్చింది. కింద పూయీ ఫ్యూసే ద్రాక్ష వరసలు, ఎదురుగా వెర్జిసోన్ కొండ, తూర్పున సోన్ నది మైదానం, దాని అవతల జురా పర్వతాల నీలి గీత.

దారి ఎవరిది?

ఇలాంటి యాత్ర చేయాలనుకునే వాళ్లకు మే, జూన్, సెప్టెంబరు నెలలు అనుకూలం. సైకిల్ అక్కడే అద్దెకు దొరుకుతుంది. పెద్ద శిక్షణ అక్కర్లేదు, రోజుకు ముప్పై కిలోమీటర్లు తొక్కగలిగితే చాలు. పచ్చదారి వదిలి మామూలు పల్లె రోడ్డెక్కినా భయం లేదు. ఊరి బయట సైకిల్ని దాటే కారు మీటరున్నర ఎడం ఇవ్వాలన్నది అక్కడి నిబంధన, మాకు ఎదురైన డ్రైవర్లు దాన్ని పాటించారు. శాకాహారులైతే బసవాళ్లకు ముందురోజే చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యంగా నేను అక్కడ నేర్చుకున్నది దారి గురించి. ఆ పల్లెలు మన పల్లెలకంటే ఖాళీ అయిపోయినవి. బడులు పోయాయి, రైళ్లు పోయాయి, రొట్టెల కొట్లు పోతున్నాయి. అయినా దారిని మాత్రం ఉమ్మడి ఆస్తిగా పట్టుకున్నారు. దాని మీదుగానే కొత్త మనుషులు, కొత్త బేరాలు ఊళ్లోకి వస్తున్నాయి.

మనకూ ఇలాంటి దారులున్నాయి. గోదావరి వైపు పుంత అంటాం, కృష్ణా గుంటూరు వైపు డొంక అంటాం, తెలంగాణలో బండ్లబాట అంటాం. గ్రామ పటంలో అవి ఇప్పటికీ రెండు గీతల మధ్య కనిపిస్తాయి. నేల మీద మాత్రం ఏటికొక సాలు చొప్పున పక్క పొలాల్లోకి జారిపోతున్నాయి. పర్యాటకులు వస్తారా రారా అన్నది తర్వాతి మాట. ముందు నష్టపోయేది, చేను దాటి పంట ఇంటికి తెచ్చుకోవడానికి పక్కవాడిని బతిమాలుకునే చిన్న రైతు. ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. పంచాయతీ పెద్దలు, సర్వేయరు, బడి పిల్లలు కలిసి ఆ పటం చేతబట్టుకుని ఏడాదికోసారి పుంత కొస నుంచి కొసకు నడవాలి. ఎక్కడ దారి ఉందో, ఎక్కడ పోయిందో అందరి కళ్లముందూ తేలిపోతుంది. ఉన్నచోట హద్దురాయి పాతి రంగు వేయాలి, పోయినచోట తిరిగి అడగాలి. బుర్గోన్ పల్లెల్లో ఆ మాస్టారు చేస్తున్న పని ఇదే. మన ఊళ్లలోనూ రేపే మొదలుపెట్టొచ్చు.